చేతికందిన ముక్కలతో చిన్న అతుకుల బొంత

ముందే బొమ్మ గీసుకుని, ముక్కలన్నీ ఒకే కొలతకు కోసుకుని కుట్టే బొంతలు ఉంటాయి. ఇక్కడ చెప్పేది ఆ రకం కాదు. ఒక ముక్క తీసి, దాని పక్కన ఏది నప్పుతుందో అప్పటికప్పుడు తేల్చుకుని, కుట్టి, మళ్లీ కోసి, మళ్లీ కుట్టి పెంచుకుంటూ పోయే బొంత ఇది. చివరికి ఎలా వస్తుందో కుట్టేవాళ్లకీ తెలియదు, ఇందులో సరదా అంతా అదే. మొదటిసారికి 24 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు చాలు. ఒళ్లో కప్పుకోవడానికీ, గోడకు వేలాడదీయడానికీ సరిపోతుంది, మామూలు ఇంటి మిషను మీద ఎక్కడా ఇరుక్కోకుండా తిరుగుతుంది.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. వంకర కోతలో ఉండొచ్చు, కుట్టులో ఉండకూడదు. కత్తెర ఎటు పోయినా ఫరవాలేదు. కానీ కలవబోయే రెండు అంచులూ ఒకే గీత మీద తెగి ఉండాలి, వాటిని కలిపే కుట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా అంచుకు పావు అంగుళం లోపలే నడవాలి. కొలతలు లేవు కదా అని కుట్టు మార్జిన్ కూడా ఇష్టమొచ్చినట్టు వదిలేస్తే బొంత ఎక్కడో ఒకచోట బుడగలా లేస్తుంది. తర్వాత ఎంత ఇస్త్రీ చేసినా అది అణగదు.

ఏ బట్ట, ఎంత

బొంతకు మూడు పొరలుంటాయి: ముక్కలతో కుట్టే పై పొర, మెత్తటి నడిమి పొర, కింది బట్ట. ఈ సైజు పై పొరకు కుట్టుల్లో పోయేదంతా కలుపుకుని సుమారు 100 గ్రాముల నూలు బట్ట పడుతుంది. అయినా పావుకిలో దగ్గర పెట్టుకోండి. ఎంచుకోవడానికి మిగులు ఉంటేనే చెయ్యి ఆడుతుంది. దాంతోపాటు ఒకే రంగు సాదా బట్ట అర మీటరు ఉండాలి. అది ఎందుకో కింద వస్తుంది.

చొక్కా బట్ట మందంలో ఉన్న నూలు అన్నిటికంటే తేలిక. పాత బట్టలు వాడుతుంటే ముక్కను వెలుతురుకు ఎత్తి చూడండి. మోచేతుల దగ్గర, మోకాళ్ల దగ్గర పోగులు పలచబడి వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు వస్తే ఆ భాగం పక్కన పడేయండి. అరిగిన బట్టను గట్టి బట్టకు కలిపితే రెండు మూడు ఉతుకులకే కుట్టు పక్కన చిరుగుతుంది. టీషర్టు బట్ట సాగుతుంది కాబట్టి వెనక అతుక్కునే ఫ్యూజింగ్ వేయకుండా వాడొద్దు. జారిపోయే సిల్కు, రేయాన్ మొదటి బొంతకు వద్దు. డెనిమ్ బాగుంటుంది గానీ, నాలుగు మడతలు ఒకచోట కలిసిన దగ్గర సూది విరుగుతుంది. డెనిమ్ వాడితే 16 నంబరు సూది వేసి, కుట్టు మడతలను రెండు వైపులా విప్పి ఇస్త్రీ చేయండి.

ఎరుపు, ముదురు నీలం, నలుపు రంగుల మీద అనుమానం ఉండాలి. ముక్కను తడిపి తెల్లబట్ట మీద పెట్టి ఇస్త్రీపెట్టెతో నొక్కండి. మరక పడితే ఆ బట్టను నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించాలి. అయినా దిగుతూనే ఉంటే వాడొద్దు. చిన్న ముక్కలను మిషనులో ఉతికితే దారాలన్నీ ఊడి చిక్కుపడతాయి, అందుకే బకెట్లో నానబెట్టి చేత్తో పిండి ఆరేయడం మేలు. ఆరాక పల్చగా గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే ఇంకా మంచిది. గంజి పెట్టిన బట్ట క్రాస్‌గా, అంటే పోగులకు ఏటవాలుగా, తెగినా అంత తొందరగా సాగదు.

రంగుల విషయంలో ఎక్కువమంది చేసే పొరపాటు అన్నీ వాడేయడం. చేతిలో ఉన్న ముక్కలన్నీ కలిపేస్తే దూరం నుంచి చూసినప్పుడు ఏదీ కనబడదు, అంతా ఒకే గజిబిజిగా ఉంటుంది. మూడు నాలుగు రంగులు ఎంచుకుని, ఒక్కోదాంట్లో ముదురు, మధ్యస్థం, లేత ఛాయలు ఉండేలా చూసుకోండి. రంగు కంటే ఈ ముదురు లేతల తేడాయే బొంతను నిలబెడుతుంది. ముక్కలన్నీ నేల మీద పరిచి ఫోనుతో ఫొటో తీసి, దాన్ని నలుపు తెలుపులోకి మార్చి చూడండి. అంతా ఒకే బూడిద రంగులో కనిపిస్తే ముదురువో లేతవో ఇంకొన్ని తేవాలి. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే ఊరి మహిళలు కుట్టిన బొంతలను 2002లో హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియం ప్రదర్శనకు పెట్టింది. వాటిలో పాత పనిబట్టలతో, వెలిసిన డెనిమ్‌తో కుట్టినవి చాలా ఉన్నాయి. ఫొటోలు దొరికితే తీరిగ్గా చూడండి. రెండు మూడు రంగులే ఉన్న బొంతలు కూడా ఎంత బలంగా కనిపిస్తాయో తెలుస్తుంది.

సాదా బట్ట ఎందుకంటే, చూసేవాళ్ల కన్ను కాసేపు ఆగడానికి. మొత్తంలో పావు వంతు సాదాగా ఉంటే మిగతా ముక్కలకు విలువ వస్తుంది.

మిషను, సూది, దారం

దారం నూలుదే, 50 నంబరుది. సూది 12 నంబరు, మూడు పొరలు కలిపి కుట్టేటప్పుడు 14 నంబరు. ముక్కలు కలిపేటప్పుడు కుట్టు పొడవు 2 మిల్లీమీటర్లకు మించొద్దు. కుట్టిన దాన్ని మళ్లీ అడ్డంగా కోస్తూ పోయే పని ఇది, కోసిన ప్రతిచోటా కుట్టు చివరలు తెరుచుకుంటాయి. పొడవు కుట్టయితే అక్కడి నుంచి ఊడుతూ వస్తుంది, చిన్న కుట్టయితే పట్టి ఉంటుంది.

రోటరీ కట్టర్ (చక్రంలా తిరిగే బ్లేడు ఉన్న కత్తి), దాని కింద వేసే మ్యాట్, ఒక పొడవాటి స్కేలు ఉంటే పని తొందరగా సాగుతుంది. లేకపోతే పదునైన కత్తెర చాలు. ఇస్త్రీపెట్టె మాత్రం మిషను పక్కనే వేడిగా ఉండాలి.

మొదటి పలకలు

పలక అంటే కొన్ని ముక్కలు కలిపి కుట్టిన చిన్న భాగం. ముందు రెండేసి ముక్కలు కలపడం మొదలుపెట్టండి. మంచివైపులు లోపలికి ఉండేలా ఒకదాని మీద ఒకటి పెట్టి, కలిసే అంచును రెండు ముక్కల మీదుగా ఒకేసారి కోయండి. అప్పుడు రెండు అంచులూ కచ్చితంగా సరిపోతాయి. ఈ కోత అడ్డదిడ్డంగా ఏటవాలుగా ఉండొచ్చు. ఆ తర్వాత పావు అంగుళం వదిలి కుట్టు. చాలా మిషన్లలో ప్రెషర్ ఫుట్ (సూది దగ్గర బట్టను నొక్కిపట్టే పాదం) కుడి అంచు సూదికి సుమారు పావు అంగుళం దూరంలో ఉంటుంది. ఒకసారి స్కేలుతో కొలిచి చూసుకోండి, తేడా ఉంటే మిషను మీద, సూది కిందున్న రేకుకు, టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకోండి.

ఒక జత కుట్టగానే దారం తెంపకుండా రెండో జతను పెట్టి నడిపించండి. పది పన్నెండు జతలు దండలా వచ్చాక ఒకేసారి విడదీయొచ్చు. దారం ఆదా, సమయం ఆదా. మొట్టమొదట ఒక పనికిరాని ముక్క మీద నాలుగు కుట్లు వేసి, దాని వెనకే అసలు జతను తోయండి. అలా చేస్తే చిన్న ముక్క మూలను మిషను లోపలికి లాక్కుని దారాలు ఉండచుట్టుకుపోవు.

ఇస్త్రీ అంటే ఇక్కడ రుద్దడం కాదు, నొక్కడం. పెట్టెను పైనుంచి దించి, నొక్కి, ఎత్తి, పక్కకు పెట్టండి. అటూ ఇటూ జరిపితే బట్ట సాగుతుంది. కుట్టు మడతను ముదురు రంగు వైపు పడుకోబెట్టండి, లేత బట్ట కింద ముదురు అంచు ఉంటే నీడలా పైకి కనిపిస్తుంది. నాలుగైదు కుట్లు ఒకచోట కలిసి ఎత్తుగా అయితే అక్కడ మడత విప్పి రెండు వైపులా నొక్కండి. ఒక్క కుట్టును కూడా ఇస్త్రీ చేయకుండా దాని మీదుగా ఇంకో కుట్టు వేయొద్దు. మడత లోపల దాగిన బట్ట పక్కనున్న పలకను లాగుతుంది, తర్వాత దాన్ని విప్పడానికి దారి ఉండదు.

జతలకు మూడో ముక్క, నాలుగో ముక్క కలిపి అరచేతి కంటే కాస్త పెద్ద పలకలు చేయండి. అన్నీ చతురస్రంగా ఉండనక్కర్లేదు. కొన్ని పొడవుగా, కొన్ని బొద్దుగా, రెండు మూడు పూర్తిగా సాదాగా ఉండనివ్వండి. ఈ బొంతకు 18 నుంచి 20 దాకా కావాలి. పొడవుగా చీల్చిన ఏటవాలు పట్టీలను వరసగా కలుపుతున్నప్పుడు వెడల్పు చివర ఒకసారి పైకి, ఒకసారి కిందికి వచ్చేలా మార్చండి. లేకపోతే పలక విసనకర్రలా ఒక వైపుకు వంగిపోతుంది. కావాలని వంచితే అదీ ఒక అందమే.

ఇంకో తరహా పలక మధ్య ముక్క చుట్టూ పెరుగుతుంది. మధ్యలో ఐదు పక్కలున్న చిన్న ముక్క పెట్టి, ఒక్కో పక్కకూ ఒక్కో పట్టీ కుట్టి, పొడుచుకొచ్చిన చివరలను పక్క అంచుకు సమంగా కోసేస్తూ చుట్టూ తిరగండి. రెండు చుట్లకే మంచి పలక తయారవుతుంది.

కోయడం, మళ్లీ కలపడం

అసలు పండగ ఇక్కడ మొదలవుతుంది. చక్కగా కుట్టిన పలకను నిలువుగానో ఏటవాలుగానో రెండు ముక్కలు చేసి, మధ్యలో సన్నటి పట్టీ పెట్టి మళ్లీ కలపండి. ఇందులో ఒక లెక్క పనికొస్తుంది. కోసిన రెండు అంచుల దగ్గరా పావు, పావు కలిపి అర అంగుళం పోతుంది. పట్టీకి రెండు పక్కలా ఇంకో అర అంగుళం కుట్టులో పోతుంది. కాబట్టి అంగుళం వెడల్పు పట్టీ పెడితే పలక సైజు ముందెంతో అంతే ఉంటుంది, పైకి కనిపించే గీత మాత్రం అరంగుళం. ముప్పావు అంగుళం పట్టీ పెడితే పావు అంగుళం సన్నగీత వస్తుంది, పలక పావు అంగుళం తగ్గుతుంది.

సన్నగీత వంకర టింకరగా కనిపిస్తోందంటే కారణం రెండో కుట్టు. మొదటి కుట్టు వేసి ఇస్త్రీ చేశాక, రెండో పక్క కుట్టేటప్పుడు మొదటి కుట్టు దారం పైకి కనిపించేలా పట్టుకోండి. బట్ట అంచును చూసి కాకుండా, ఆ దారానికి ప్రెషర్ ఫుట్ అంచును ఆనించి నడపండి. గీత ఆ చివర దాకా ఒకే వెడల్పుతో వస్తుంది.

ఏటవాలు కోతలో పట్టీ పెట్టినప్పుడు పాత కుట్టు గీతలు ఇటువైపు నుంచి అటువైపుకు జరిగినట్టు కనిపిస్తాయి. జరగనివ్వండి, బాగుంటుంది. సరిగ్గా కలవాలనుకుంటే కుట్టే ముందు స్కేలు పెట్టి గీత ఎక్కడికి రావాలో పట్టీ మీద సుద్దతో గుర్తు పెట్టుకోవాలి.

వంపు కోత భయపెడుతుంది గానీ చాలా తేలిక. రెండు బట్టల మంచివైపులూ పైకే ఉండాలి, ఒకదాని అంచు మీద ఇంకోదాని అంచు అంగుళంన్నర, రెండంగుళాలు ఎక్కించి పరచండి. రెండు పొరల మీదుగా ఒకేసారి మెల్లటి వంపు కోయండి. పైన మిగిలిన ముక్కనీ కింద మిగిలిన ముక్కనీ తీసేస్తే రెండు వంపులూ పక్కపక్కనే ఒకదాంట్లో ఒకటి ఒదిగి కనిపిస్తాయి. కుట్టడానికి మంచివైపులు లోపలికి తిప్పగానే అవి ఎదురెదురు వంపులవుతాయి, కంగారు పడొద్దు. మొదటి రెండంగుళాలు సరిపెట్టి కుట్టు మొదలుపెట్టి, సూది దిగి ఉండగానే ఆగి, పై బట్టను మరో రెండంగుళాలు జరిపి కలుపుకుంటూ వెళ్లండి. పది అంగుళాల పొడవులో వంపు లోతు అంగుళానికి మించకపోతే గుండుసూదులు కూడా అక్కర్లేదు. లోతు ఎక్కువైతే లోపలి వంపు దగ్గర ముడతలు పడతాయి.

అన్నీ ఒకచోట చేర్చడం

గోడకు తెల్లటి ఫ్లానెల్ గుడ్డ తగిలిస్తే పలకలు పిన్ను లేకుండానే దానికి అంటుకుని నిలబడతాయి. లేదంటే నేల మీద దుప్పటి పరిచి దాని మీద అమర్చండి. దూరంగా నిలబడి చూడండి, ఫొటో తీసి చూడండి, రెండు పలకలు మార్చి మళ్లీ చూడండి. తొందరపడాల్సిన చోటు ఇది కాదు. బలమైన ముదురు ముక్కలన్నీ ఒక మూలకే చేరాయా, సాదా పలకలు పక్కపక్కనే పడ్డాయా అని చూసుకోండి.

పలకల సైజులు కలవవు, అది మామూలే. చిన్నదానికి పట్టీ కలిపి పెంచండి, పెద్దదాన్ని కోసి తగ్గించండి. కోసిన ముక్క ఇంకోచోట పూడికకు పనికొస్తుంది. పూడికకు సాదా బట్టే మొదటి మాట. మొత్తాన్ని మూడు నాలుగు భాగాలుగా విడగొట్టుకుని, ఏ భాగాన్నైనా పక్క భాగంతో ఒక్క పొడవాటి కుట్టుతో కలపగలిగేలా చూసుకోండి.

కొన్నిసార్లు ఒక పలక రెండు భాగాల మధ్య మూలలో ఇరుక్కుంటుంది. అప్పుడు సగం కుట్టు పద్ధతి వాడండి. ఆ పలకను పక్కదానికి సగం దాకా మాత్రమే కుట్టి, చివరి రెండు అంగుళాలు వదిలేయండి. చుట్టూ ఉన్న మిగతా మూడు పక్కలూ వరసగా కుట్టుకుంటూ వచ్చి, ఆఖరున వదిలేసిన ఆ కుట్టును పూర్తి చేయండి.

రెండు పెద్ద భాగాల అంచులు అలలుగా ఉంటే ఒక్కోదాన్నీ విడిగా సరిచేయొద్దు. బల్ల మీద ఒకదాని అంచు మీద ఇంకోదాన్ని ఎక్కించి, రెండూ చదునుగా పడుకున్నాక, రెండిటి మీదుగా ఒకే కోత కోయండి. పై పొర పూర్తయ్యేసరికి 25 అంగుళాలు, 31 అంగుళాలు ఉండాలి. మూడు పొరల కుట్టులో బొంత కొంచెం ముడుచుకుంటుంది, చివర్లో సరిచేసి కోయడానికీ కొంత కావాలి.

ఇప్పుడు బల్ల మీద పరిచి చూస్తే చదునుగా లేదనుకోండి. ఎక్కడ లేచిందో చూసి కారణం పట్టుకోవాలి. అంచులు అలలుగా ఊగుతుంటే క్రాస్‌గా తెగిన బట్ట బయటి అంచుకు వచ్చి సాగిందన్నమాట. బయటి వరసకు నిలువు పోగు ఉన్న ముక్కలే వేస్తే ఈ బాధ రాదు. ఇప్పటికే వచ్చి ఉంటే అంచు వెంబడి చేత్తో టాకా కుట్టు వేసి, మెల్లగా లాగి, ఆవిరి ఇస్త్రీతో కుదించండి. మధ్యలో బుడగలా లేస్తే అక్కడ బట్ట ఎక్కువైంది, లేదా చుట్టుపక్కల కుట్లు పావు అంగుళం కంటే లోపలికి తిన్నాయి. దానికి మందు సులువు. బుడగ మీదుగా పలకను నిలువునా కోయండి. రెండు ముక్కలనూ చదునుగా పడుకోబెడితే అవి మధ్యలో ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఎక్కినచోట రెండిటి మీదుగా కొత్తగా కోసి, అంగుళం వెడల్పు పట్టీ పెట్టి కుట్టేయండి. చూసేవాళ్లకు అది ముందే అనుకుని పెట్టిన గీతలా ఉంటుంది. దిద్దుబాటే అలంకారమైపోయే వెసులుబాటు కొలిచి కుట్టే బొంతల్లో దొరకదు.

చదును కుదిరాక, చుట్టూ అంచుకు దగ్గరగా ఒక్క వరస కుట్టు వేయండి. బయటి అంచు దాకా వచ్చిన కుట్లన్నీ విడిపోకుండా ఉంటాయి.

మూడు పొరలు

కింది బట్ట, నడిమి పొర రెండూ 28 అంగుళాలకు 34 అంగుళాలు కోయండి. నడిమి పొరకు నూలు వాడింగ్ షీటు, అంటే దూదిని పరిచి చేసిన మెత్తటి షీటు, మంచిది. పాలియెస్టర్‌ది ఉబ్బుగా, తేలిగ్గా ఉంటుంది. పాత ఫ్లానెల్ దుప్పటి కూడా చక్కగా పనిచేస్తుంది, కాకపోతే బొంత పల్చగా వస్తుంది.

1. కింది బట్టను బోర్లా, అంటే మంచివైపు నేలకు ఆనేలా పరచండి. బిగువుగా ఉండేలా నాలుగు పక్కలా టేపు అంటించండి, సాగదీయొద్దు. సాగదీస్తే టేపు తీయగానే ముడుచుకుని వెనక ముడతలు పడతాయి.
2. దాని మీద నడిమి పొర, ఆపైన కుట్టిన పై పొర. మధ్యలో నుంచి బయటికి అరచేత్తో నిమరండి.
3. మధ్య నుంచి మొదలుపెట్టి నాలుగు అంగుళాలకొకటి చొప్పున పిన్నీసులు పెట్టండి. 45 నుంచి 50 దాకా పడతాయి. పిన్నీసులు లేకపోతే పొడవాటి టాకాలు వేసినా సరే.

పొరలు కలిపే కుట్టుకు వాకింగ్ ఫుట్ ఉంటే తగిలించండి. మామూలు ఫుట్ కింద పళ్లు అడుగు బట్టను ముందుకు నెడతాయి, పై బట్ట వెనకబడుతుంది, దాంతో ముడతలు వస్తాయి. వాకింగ్ ఫుట్ పై పొరను కూడా అదే వేగంతో లాగుతుంది. అది లేకపోతే ఫుట్ బట్టను నొక్కే ప్రెషర్ తగ్గించి నెమ్మదిగా కుట్టండి. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు. మొదటి గీత మధ్యలో వేసి, అంగుళంన్నర ఎడంతో కుడివైపు పూర్తి చేసి, తర్వాత ఎడమవైపు. గీతలన్నీ ఒకే దిక్కున, పై నుంచి కిందికే నడపండి. ఒకటి పైకి, ఒకటి కిందికి వేస్తే వాటి మధ్య బట్ట మెలితిరుగుతుంది. గీతలు కచ్చితంగా తిన్నగా ఉండాలని లేదు. కొంచెం అలలా ఊగే గీతలు ఈ బొంతకు ఇంకా నప్పుతాయి, చిన్నచిన్న తప్పులూ కనిపించవు.

చేత్తో కుట్టదలిస్తే మందపాటి ఎంబ్రాయిడరీ దారం తీసుకుని, పావు అంగుళం పొడవున్న రన్నింగ్ కుట్లు వేయండి. దారం చివర ముడి వేసి, పై పొరలోంచి సూది గుచ్చి చిన్నగా లాగితే ముడి లోపలికి దూరి నడిమి పొరలో దాగుతుంది. సమయం పడుతుంది, కానీ మెత్తదనంలో దీనికి సాటి లేదు. వరసల మధ్య ఎంత ఎడం ఉండొచ్చో వాడింగ్ షీటు అట్ట మీద రాసి ఉంటుంది. అంతకు మించితే ఉతికినప్పుడు లోపలి దూది ముద్దకడుతుంది.

అంచు పట్టీ

బొంతను 24, 30 అంగుళాలకు మూలలు సరిగ్గా ఉండేలా కోసేయండి. చుట్టుకొలత 108 అంగుళాలు, మూలలకూ కలపడానికీ ఇంకో 12, మొత్తం 120 అంగుళాల పట్టీ కావాలి. వెడల్పు రెండున్నర అంగుళాలు. మిగిలిన ముక్కల్లోంచే పట్టీలు కోసి కలపొచ్చు, ఒక్కోటి కనీసం 10 అంగుళాలు ఉంటే పని విసుగనిపించదు. కలిపే కుట్టు ఏటవాలుగా ఉండాలి, అప్పుడే మడతలు ఒకేచోట దొంతరగా పేరుకోవు. పట్టీని పొడవునా సగానికి మడిచి ఇస్త్రీ చేయండి.

కుట్టే ముందు పట్టీని బొంత చుట్టూ ఒకసారి తిప్పి చూడండి. ఏ అతుకైనా మూల మీదికి వస్తుంటే మొదలుపెట్టే చోటు జరపండి. పట్టీ తెగిన అంచులు బొంత అంచుతో కలిసేలా పై వైపున పెట్టి, మొదటి ఆరేడు అంగుళాల పట్టీ వదులుగా ఉంచి, పావు అంగుళం లోపల కుట్టండి. మూల ఇంకా పావు అంగుళం ఉందనగా ఆగి, రెండు కుట్లు వెనక్కి వేసి, దారం తెంపండి. పట్టీని నిటారుగా పైకి మడిచి, మడత బొంత అంచుకు సమంగా ఉండేలా మళ్లీ కిందికి దించి, అంచు నుంచే కుట్టు మొదలుపెట్టండి. వెనక్కి తిప్పినప్పుడు మూల చక్కగా ఏటవాలు మడతతో కూర్చుంటుంది.

మొదలుపెట్టిన చోటుకు పది అంగుళాలు ఉందనగా ఆపండి. రెండు చివరలూ ఒకదాని మీద ఒకటి పట్టీ వెడల్పంత, అంటే సరిగ్గా రెండున్నర అంగుళాలు ఎక్కేలా కోయండి. మడతలు విప్పి, మంచివైపులు లోపలికి, ఒకదానికొకటి అడ్డంగా పెట్టి ఐమూలగా కుట్టండి. మిగులు కోయకముందే పట్టీని పరిచి మెలిపడలేదని చూసుకోండి. తర్వాత పావు అంగుళం ఉంచి కోసి, మిగిలిన భాగం బొంతకు కుట్టేయండి. పట్టీని వెనక్కి తిప్పి చేత్తో హెమ్మింగ్ చేస్తే పని పూర్తవుతుంది.

మొదటి ఉతుకు చల్లటి నీళ్లలో, మెత్తటి సబ్బుతో, విడిగా చేయండి. వేడినీళ్లు పనికిరావు. నూలు వాడింగ్ 3 నుంచి 5 శాతం దాకా ముడుచుకుంటుంది, అంటే 30 అంగుళాల పొడవులో అంగుళం నుంచి అంగుళంన్నర తగ్గొచ్చు. దాంతో కుట్టు గీతల వెంబడి చిన్న ముడతలు పడి బొంతకు పాతబడిన మెత్తదనం వస్తుంది. ఆ ముడతలు వద్దనుకునేవాళ్లు వాడింగ్‌ను కోయకముందే తడిపి ఆరబెట్టాలి. తడిసిన బొంతను తీగ మీద వేలాడదీస్తే నీటి బరువుకు కుట్లు లాగుతాయి. తువ్వాలులో చుట్టి నొక్కి నీళ్లు తీసేసి, నీడపట్టున చదునుగా పరిచి ఆరబెట్టండి.